గాలి తప్ప ఎవరూ తిరగని గుట్ట

కోటల చరిత్ర చెప్పేవాళ్లను నేను నమ్మను. తాండూరు బళ్లో ఇరవై ఏడేళ్లుగా ఆ చరిత్ర చెప్పి పొట్ట పోసుకుంటున్నది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఎవరికైనా కోపమొస్తే రానీ.

గోల్కొండ పాఠం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మొదట అది నగరం కాదు. ఊరు కూడా కాదు. ఎక్కడో ఓరుగల్లులో కూర్చున్న రాజులకు పడమటి హద్దు కాయడానికి ఒక ఎత్తైన చోటు కావలసి వచ్చింది. గొర్లు కాసుకునే మనిషొకడు తాను తిరిగే గుట్ట మీద దేవుడి విగ్రహం దొరికిందని చెప్పాడట. రాజు వచ్చాడు, చూశాడు, చుట్టూ మట్టిగోడ పెట్టించాడు. ఆ మట్టికోట తర్వాత చేతులు మారింది. బహమనీ సుల్తానుల కిందికి పోయింది. కుతుబ్‌షాహీలు దానికి రాతిగోడలు లేపి రాజధాని చేసుకున్నారు. లోపల జనం కిక్కిరిసిపోయి, నీళ్లు చాలక, మూసీ అవతల కొత్త పట్నానికి ముగ్గు పోశారు. ఇవాళ ఆ పట్నం చేవెళ్ల దాటి మా దిక్కే వస్తోంది. హద్దు కాయడానికి పుట్టిన చోటుకు ఇప్పుడు హద్దే లేదు.

ఇదీ పాఠం. పిల్లలు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చుకుంటారు. గుట్ట చూపించిన ఆ గొర్లకాపరి తర్వాత ఏమయ్యాడో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. గోడ లేచాక అతని మంద ఎక్కడ మేసింది? అతన్ని మళ్లీ ఆ గుట్ట ఎక్కనిచ్చారా? గొల్లకొండ అని గుట్టకు అతని పేరే పెట్టారు కదా సార్ అంటారు కొందరు. ఆహా, ఎంత గొప్ప! అది అతని పేరు కాదు, అతని కులం పేరు. నీ పేరేందిరా అని అతన్ని అడిగిన మొగోడు ఒక్కడూ లేడు.

నేనూ అడగలేదు. మాది గొర్లు కాసే ఇల్లే. మా నాయిన గొర్లు కాసి చదివిస్తేనే నేను సార్‌నయ్యాను. అయినా ఆ ప్రశ్న నా బుర్రలోకి రావడానికి మా గుట్ట పోవలసి వచ్చింది.

మా ఊరు వికారాబాదుకూ తాండూరుకూ మధ్య, రైలు పట్టాలకు ఎడంగా, కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు ఉంటుంది. పేరు చెప్పను. చెప్తే వారాంతం కార్లేసుకుని చూడ్డానికి వస్తారు, ఇప్పటికే వస్తున్నది చాలు. ఊరి వెనుక ఒక గుట్ట ఉంది. సర్కారు కాగితాల్లో అది గైరాన్, అంటే ఊరి పశువులు మేసే ఉమ్మడి భూమి. గుట్ట నెత్తిన సగం కూలిన బురుజు, దాని పక్కన బండల మధ్య వానకు నిండే దొన. ఒకప్పుడు ఊళ్లో ప్రతి రెండో ఇంటికీ మంద ఉండేది. ఒక్కొక్కరే అమ్ముకుని నాపరాయి గనులకూ, సిమెంటు ఫ్యాక్టరీలకూ, పట్నంలో వాచ్‌మన్ పనులకూ పోయారు. చివరికి మిగిలింది మా నాయిన మంద ఒక్కటే.

గొర్లకు గుట్ట ఎందుకు కావాలో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఎండాకాలం మా నాయినకు ఏ గుట్టతోనూ పనిలేదు. కంది కోసేశాక, జొన్న ఎత్తేశాక చేన్లన్నీ ఖాళీ. గొర్రె ఎరువు కోసం రైతులే ఇంటికొచ్చి, "మామా, ఈసారి మా చేన్ల మంద పెట్టాలె" అని బతిమాలతారు. చాయ్ పోస్తారు, జొన్నలిస్తారు. మృగశిర వచ్చి విత్తనం పడిందా, ఆ అల్లుళ్లే కట్టె పట్టుకుని గట్టు మీద నిలబడతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. తప్పు వాళ్లదీ కాదు. మొలకెత్తిన కందిలో గొర్రె నోరు పెడితే రైతు గుండె మండదా? అందుకని వాన పడ్డ నాటి నుంచి కంది కోతల దాకా, దాదాపు ఆరేడు నెలలు, మందకు కాలు పెట్టే చోటు ఆ గుట్ట ఒక్కటే. గుట్ట ఉంటే మంద ఉంటుంది. లేకపోతే లేదు.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. చిన్నప్పుడు బడి లేని ప్రతి ఆదివారం వానలో గొంగడి కప్పుకుని ఆ బురుజు కింద కూర్చున్నవాణ్ణే నేను.

నాకు రాసే పిచ్చి ఆలస్యంగా పట్టింది. నలభై దాటాక మనిషికి ఏదో ఒక పిచ్చి పడుతుంది. కొందరికి ప్లాట్లు, కొందరికి బాబాలు, నాకు స్థానిక చరిత్ర. పాఠంలో గోల్కొండ హద్దు కోట అని చెప్పీ చెప్పీ, ఆ కోటకు ఇటు పడమటి దిక్కున చిన్న చిన్న కాపలా బురుజులు ఉండి ఉండాలి కదా, మా గుట్ట మీది బురుజు అందులో ఒకటి కాకూడదా అని తోచింది. ఆధారం? ఏమీ లేదు. ఉత్సాహం మాత్రం మస్తుగా ఉంది.

వేసవి సెలవుల్లో నోటు పుస్తకం పట్టుకుని గుట్ట ఎక్కాను. పంతులుకు ఖాళీ దొరికేది వేసవిలోనే కదా. గడ్డి ఎండి తెల్లబడిపోయింది, దొన అడుగున పగిలిన బురద. పురుగూ పుట్రా లేదు. అప్పుడు మా నాయిన మంద గుట్ట దిగువన ఎవరి చేన్లోనో ఉంది. బురుజు రాళ్లు కొలిచాను, పట్నం వైపు చూశాను, కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. నిజంగా తిరిగాయి, దాచుకోవడం ఎందుకు. ఎంత వైభవం, ఎంత ఒంటరితనం అనుకున్నాను. ఇంటికొచ్చి ఏకబిగిన వ్యాసం రాశాను. దాని చివరి వాక్యం ఇది: "ఒకనాడు మహానగరానికి తొలి హద్దును కాచిన ఈ గుట్ట మీద నేడు గాలి తప్ప ఎవరూ తిరగరు."

ఆ వాక్యం రాసి నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. రెండుసార్లు గట్టిగా చదువుకున్నాను. వంటింట్లోంచి నా భార్య విన్నది.

"ఎవ్వరు తిరగరని రాసిన్రేంది? మామ యాడ తిరుగుతుండు మరి? వానాకాలమంత గాడనే గద ఉంటడు."

"అది శైలి" అన్నాను.

"శైలి గొర్లకు మేతేస్తదా?" అని నవ్వి, తన పనిలో తాను పడింది. నేనూ నవ్వాను. ఆమె పదో తరగతి దాటలేదు, నేను రెండు ఎమ్మేలు చేశాను. ఎవరి మాట వినాలో నాకు తెలియదా! నా మొహం.

వికారాబాదులో ఏదో సభకు ప్రత్యేక సంచిక వేస్తే అందులో నా వ్యాసం వచ్చింది. శాలువా కప్పారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి చివరి వాక్యాన్ని చదివి వినిపిస్తే జనం చప్పట్లు కొట్టారు. నాయిన ఆ సభకు రాలేదు, మందను వదిలి రాలేడు. తర్వాతి ఆదివారం ఊరికి పోయి పుస్తకం చేతికిచ్చాను. ఆయనకు చదువు రాదు. పంచెకు చెయ్యి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

"మన గుట్ట గురించి రాసినవట గద. ఏం రాసినవ్ రా?"

"పాత కోట సంగతి నాయినా."

"జర సదివి ఇనిపియ్యి."

"మళ్లొచ్చినప్పుడు చదువుతాలే, రైలుకు టైమయితుంది" అన్నాను. టైము అయింది నిజమే. కానీ ఇంకో బండి కూడా ఉంది. ఎందుకు చదవలేదని ఇప్పుడు నన్ను నేను అడిగితే జవాబు దొరుకుతుంది. శైలి అన్న మాట ఆయన దగ్గర చెల్లదని నాకు లోపల ఎక్కడో తెలుసు. ఆయన ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి రేకుపెట్టెలో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడట.

మూడేళ్లు గడిచాయి. అనంతగిరి చుట్టూ ఉన్న గుట్టలన్నిటికీ ఒక్కసారిగా పట్నం కన్ను తగిలింది. మూసీ పుట్టేది మా దగ్గరే. మేము దాన్ని తేటగా పట్నానికి పంపిస్తాం, పట్నం దానికి ఏం చేస్తుందో అందరికీ తెలుసు. మా బండలు తీసుకుపోయి ఇళ్లల్లో పరచుకున్నారు. మా కంది తిన్నారు. ఇప్పుడు వాళ్లకు మా గాలి కావలసి వచ్చింది. ఒక కంపెనీ మా గుట్టను సర్కారు నుంచి లీజుకు అడిగింది. కొండ మీద కాటేజీలు, బురుజు పక్కన భోజనాల హాలు. అభ్యంతరం ఉన్నవాళ్లు మండలాఫీసులో చెప్పుకోవచ్చని పంచాయతీ గోడకు కాగితం అంటించారు.

నాయిన తాండూరుకు వచ్చాడు. ఆయన మా ఇంటికి రావడమే తక్కువ. వచ్చినా అరుగు మీదే కూర్చుంటాడు. ఆ రోజు నేరుగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"గుట్ట వోతదట రా. గుట్ట వోతె వానాకాలం గొర్లు యాడ మేస్తయ్? ఆకాశంల మేస్తయా? నువ్వు ఒక అర్జీ రాయి. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటరు."

రాశాను. అదీ బాగానే రాశాను. తరతరాలుగా మా కుటుంబం ఈ గుట్ట మీదే గొర్లు మేపుతున్నదనీ, వేరే ఆధారం లేదనీ రాసి, కింద రాసినవాడిగా నా సంతకం, నాయిన వేలిముద్ర. చదివి వినిపించాను. ఈసారి చదివాను. ఆయన ప్రతి వాక్యానికీ తలూపి, "మంచిగున్నది" అన్నాడు.

నాకు ఆ వ్యాసం గుర్తు రాలేదంటే నమ్ముతారా? ఒట్టేసి చెబుతున్నాను, రాలేదు. శాలువా కప్పిన రోజు గుర్తుంది. శాలువా రంగు గుర్తుంది. నేను రాసిన మాట మాత్రం నాకు జ్ఞాపకం లేదు.

విచారణ ఎండాకాలంలో పెట్టారు. గదిలో బల్లకు అటు ఆఫీసరు, ఇటు నేనూ నాయినా, పక్కన కంపెనీ తరఫున తెల్లచొక్కా మనిషి. మర్యాదస్తుడే. నేను రాగానే లేచి నిలబడి దండం పెట్టాడు. "సార్ మన జిల్లాల పెద్ద చరిత్రకారుడు సార్" అని ఆఫీసరుకు పరిచయం చేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం కలిగింది. తర్వాత తన ఫైల్లోంచి గుట్ట ఫొటోలు బయటికి తీశాడు. అన్నీ ఎండాకాలం ఫొటోలే. గడ్డి లేదు, గొర్రె లేదు, మనిషి లేడు.

నాయిన ఫొటోల మీదికి వంగి చూశాడు. "గివి ఎండల దిగినయి గద సారూ. శ్రావణంల రండ్రి, గుట్ట నిండ గొర్లే ఉంటయ్" అన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు. మంచి మనిషే, వినే మనిషే. పని అయిపోతుందనిపించింది.

అప్పుడు తెల్లచొక్కా మనిషి ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నా వ్యాసం జిరాక్సు. చివరి వాక్యం కింద ఎర్రగీత.

ఆఫీసరు దాన్ని పైకే చదివాడు. ఒకప్పుడు చప్పట్లు కొట్టించుకున్న మాటే. గాలి తప్ప ఎవరూ తిరగరు.

"సార్, ఇది మీరు రాసిందేనా?"

"నేనే సార్."

"అర్జీ కూడా మీరే రాసిండ్రు. దీంట్ల తరతరాలుగా గొర్లు మేపుతున్నం అని ఉంది. దాంట్ల ఎవరూ తిరగరని ఉంది. ఏది రాసుకోవాలె నేను?"

ఒక్క మాట చాలు. పుస్తకంలో రాసింది తప్పు సార్, కళ్లు మూసుకుని రాశాను, వానాకాలమంతా మా నాయిన అక్కడే ఉండేది రాయలేదు. ఇంతే చెప్పాలి. పదో తరగతి పిల్లవాడు కూడా తప్పు రాస్తే కొట్టేసి పక్కన సరిగ్గా రాస్తాడు. నేనేమో, "అది సాహిత్యపరంగా... అంటే ఒక భావన..." అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. చరిత్రకారుడన్నారు కదా, ఆ పేరు పోతుందని నాలుక మడత పడింది. కంచే చేను మేసిందంటే ఇదే.

తెల్లచొక్కా మనిషి మెల్లగా, నాకు సాయం చేస్తున్నట్టే అన్నాడు: "పుస్తకంల సార్ నిజమే రాసిండ్రు. అర్జీ ఇంటోళ్ల కోసం రాయాల్సి వచ్చి ఉంటది, అర్థం చేసుకుంటం. కాకపోతే సర్కారు టీచరు సర్కారు ఆఫీసుకు తప్పు అర్జీ రాసిచ్చిండంటే, రేపు సార్ ఉద్యోగానికే పరేషాన్."

నాయినకు సాహిత్యం అర్థం కాలేదు, భావన అర్థం కాలేదు. ఉద్యోగం అన్న మాట అర్థమైంది. ఆయన నా వైపు చూశాడు. అప్పుడైనా నేను నోరు తెరవవలసింది. తల దించుకుని బల్ల మీది నా సంతకం చూస్తూ కూర్చున్నాను.

నాయిన లేచి నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, మా వానిది తప్పు లేదు. అర్జీ నేనే రాయించిన. నేను జెప్పిన అబద్ధం వాడు రాసిండు, తండ్రి మాట గద. వాడు పుస్తకంల రాసిందే నిజం. గుట్ట మీద ఎవ్వరు తిరుగరు."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. "పెద్దమనిషీ, ఆలోచించుకుని చెప్పు. ఇట్ల రాసుకుంటే గుట్ట మీద నీకు మాట ఉండదు" అన్నాడు.

"రాస్కోండ్రి సారూ."

రాసుకున్నారు. ఇంకు ప్యాడు ముందుకు జరిపారు. నాయిన వేలు అద్ది, చూపించిన చోట ఒత్తాడు. బయటికొచ్చాక ఆ వేలిని గోడకు రాసి తుడుచుకుంటుంటే నేను పక్కనే నిలబడ్డాను. బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. ఆయన ఊరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పొలాల్లో ఎవరో నాగలి సవరిస్తున్నారు, మబ్బు పట్టలేదింకా.

నా భార్య విషయం విని, ఆ శాలువా తీసి పెట్టె అడుగున పెట్టింది. తిడితే బాగుండేది.

ఆ తర్వాత నేను మళ్లీ ఆఫీసుకు పోయాను. నా వ్యాసం తప్పని రాసిచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆఫీసరు తీసుకుని, ముద్ర వేసి, "మీ నాయిన వాంగ్మూలమే ఉంది కద సార్, ఇప్పుడు నేనేం చెయ్యాలె" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

మొదటి వాన పడకముందే గుట్ట చుట్టూ ఇనుప స్తంభాలు పాతారు. మృగశిర ముంగిట్లో ఉంది, రైతులు విత్తనాలు బాగుచేసుకుంటున్నారు. మందకు వారం రోజుల మేత కూడా లేదు. నాయిన బేరగాళ్లను పిలిపించాడు. నేను సెలవు పెట్టి పోయాను. ఎందుకు పోయానో తెలియదు, చెయ్యగలిగింది ఏమీ లేదు.

పొద్దున్నే లారీ వచ్చింది. గొర్లు లారీ ఎక్కడానికి మొరాయించాయి. ఎత్తైన చోటు ఎక్కేటప్పుడు మా నాయిన వాటికి నాలుకతో ఒక చప్పుడు చేస్తాడు, అది వింటేనే కదులుతాయి. బేరగాళ్లు ఎంత తోలినా కదల్లేదు. చివరికి నాయినే ముందుకొచ్చి, లారీకి ఆనించిన పలక పక్కన నిలబడి, గుట్ట ఎక్కించినట్టే చప్పుడు చేశాడు. ఒకదాని వెనుక ఒకటి బుద్ధిగా ఎక్కేశాయి. లారీ వెనుక తలుపు గొలుసు బిగించారు.

లారీ రోడ్డెక్కేదాకా చూసి ఆయన దొడ్డి వైపు తిరిగాడు. ఖాళీ దొడ్డిలో అలవాటు కొద్దీ చీపురు తీసుకుని పెంటికలు ఊడవడం మొదలుపెట్టాడు. నేను వెనకాలే పోయాను. ఆఫీసులో చెప్పవలసిన మాట అక్కడ, వినేవాళ్లెవరూ లేని చోట, అప్పుడు చెప్పాను. "నాయినా, తప్పు నాది. నేను అబద్ధం రాసిన."

ఆయన ఊడవడం ఆపలేదు.

"అబద్ధం గాదు తియ్యి కొడుకా. రాసేటప్పుడు నీకు నేను యాదికి రాలే. గంతే గద."